కణానికీ కణానికీ నడుమ

సిద్ధార్థ ముఖర్జీ రచించిన ‘ది సాంగ్ ఆఫ్ ది సెల్’ 2022లో వెలువడింది. లీవెన్‌హుక్ కటకం మొదలుకొని, విర్కో సిద్ధాంతం మీదుగా, రక్తకణం, నాడీకణం, గుండె కండరకణం, క్లోమకణం దాకా పాఠకుణ్ణి చేయిపట్టుకుని నడిపించే పుస్తకం అది. చక్కని వచనం. దాని గుణదోషాల విచారణ మరొకసారి చేద్దాం. ప్రస్తుతం నా ఆలోచన ఆ పుస్తకంలో ప్రత్యేకించి ఒక అధ్యాయానికి నోచుకోని ఒక ప్రశ్నను గురించి: ఒక కణం తన పక్కనున్న కణాన్ని ఎలా పట్టుకుని ఉంటుంది?

ఈ ఉపేక్ష ఒక్క ముఖర్జీది కాదు. సామాన్య పాఠకులకోసం వ్రాసే జీవశాస్త్రంలో జన్యువే ఎప్పుడూ కథానాయకుడు. ఆ తరువాతి పీట కణానిది. ఇటుకను పొగిడేవారే గాని, ఇటుకల నడుమ సున్నాన్ని తలచేవారు తక్కువ. కాని వైద్యవృత్తిలో ఉన్నవాడికి ఆ సున్నం సంగతి మరపునకు రాదు. అది రాలినప్పుడు చర్మం బొబ్బలెక్కుతుంది, పేగు కారుతుంది, గుండె లయ తప్పుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కణాలను నిలబెట్టే, కలిపి ఉంచే ప్రొటీన్ల మీద జరిగిన పరిశోధన గత అరవై ఏళ్ల జీవశాస్త్రంలో అతి గొప్ప కథలలో ఒకటి. ఆ కథలో మలుపులన్నీ, ఒకసారి కనుగొన్నదాన్ని మళ్లీ పరీక్షించి చూడటంవల్ల వచ్చినవే. ఇందులో ఒక ఘట్టం సూటిగా మనవారి గుండెలకు సంబంధించినది, హైదరాబాదులో మొదలైనది. దాని మొదటి సగమే వార్తగా మనకు చేరింది. రెండో సగం చేరకపోవడం మనకు నష్టం. ఆ నష్టాన్ని పూడ్చవలసిన బాధ్యత తెలుగులో వ్రాసేవారిమీద, చదివేవారిమీద ఉంది.

మొదట లెక్క. మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని అంచనా. సంఖ్యలో వీటిలో హెచ్చుభాగం ఎర్రరక్తకణాలే. అవి దేశద్రిమ్మరులు, ఎవరినీ అంటిపెట్టుకోవు. మిగిలినవాటిలో చర్మం, పేగు, కాలేయం, మూత్రపిండం, గుండె వంటి అవయవాల కణాలు సంసారులు. ఇరుగుపొరుగులను పట్టుకునే బ్రతుకుతాయి. ఈ పట్టుకు రెండు అంగాలున్నాయి. ఒకటి కణం లోపలి చట్రం: ఆక్టిన్, కెరటిన్ వంటి నిర్మాణ ప్రొటీన్ల తీగలు. పూరింటికి దూలాలు, వాసాలు ఎలాంటివో ఇవి అలాంటివి. రెండవది కణం అంచున ఉండే సంధి; అది ఈ ఇంటి వాసాన్ని పొరుగింటి వాసానికి కట్టే తాడు. వాసం విరిగినా, తాడు తెగినా కూలేది ఇల్లే. అందుకే నిర్మాణ ప్రొటీన్లను, కణసంధులను విడదీసి చదవడం కుదరదు.

‘సంధి’ అన్న మాట వాడాను కనుక వ్యాకరణం చదువుకున్న పాఠకులకోసం ఒక్క మాట. తెలుగు సంధిలో సాధారణంగా రెండు అచ్చులు కలిసినప్పుడు ముందున్నది పోతుంది. రాముడు, అతడు కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. ‘డు’లోని ఉకారం మాయమవుతుంది. కణాల కలయిక ఇటువంటిది కాదు. ఇక్కడ ఎవరూ పోరు. రెండు కణాల పొరలూ పూర్తిగా మిగిలే ఉంటాయి. వాటి నడుమ మరొకటి వచ్చి నిలుస్తుంది. ఆ లెక్కన దీనికి సరైన పోలిక సంధి లేనిచోట వచ్చే యడాగమం. మా, అమ్మ అన్న రెండు మాటల నడుమ యకారం వచ్చి ‘మాయమ్మ’ అయినప్పుడు ఏ అచ్చూ నశించదు. రెంటినీ ఒక కొత్త హల్లు పట్టుకుని ఉంటుంది. కణానికీ కణానికీ నడుమ ప్రొటీన్లు చేసే పని సరిగ్గా అదే. అయినా ‘కణసంధి’ అనే మాట వినడానికి బాగుంది. ఒడంబడిక అనే అర్థం కూడా అందులో ఉంది. దాన్నే ఉంచుకుందాం.

ఈ సంధులు ప్రధానంగా మూడు పనులు చేస్తాయి. కొన్ని ఇద్దరి మధ్య సందు లేకుండా మూస్తాయి; పేగులోని నీరు, క్రిములు కణాల మధ్యనుంచి రక్తంలోకి దూరకుండా కాపలా కాస్తాయి. కొన్ని లంగరులా బిగించి పట్టుకుంటాయి. చర్మం, గుండె వంటి నిత్యం లాగుడు పడే చోట్ల ఇవి దట్టంగా ఉంటాయి. మరికొన్ని వాకిళ్లు, ఒక కణంలోని అయాన్లు పక్క కణంలోకి పోవడానికి దారి ఇస్తాయి. వీటిలో ఒక్కొక్క దారి కనెక్సిన్ అనే ప్రొటీన్లు ఆరు ఈవైపునుంచి, ఆరు ఆవైపునుంచి వచ్చి కలిస్తే ఏర్పడే గొట్టం. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ కోట్ల కణాలు ఒక్కుమ్మడిగా ముడుచుకోవాలంటే విద్యుత్సంకేతం ఈ వాకిళ్లగుండానే పరుగెత్తాలి. బిగిసంధి, లంగరుసంధి, వాకిలిసంధి అని పేర్లు పెట్టుకుంటే మనకు తేలికగా అర్థమయ్యే సంగతులివి.

చరిత్ర ఇంత తేలికగా సాగలేదు. 1864లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజోజెరో చర్మకణాల నడుమ చిన్న చిన్న ముడులను చూశాడు. 1920లో వాటికి డెస్మోసోమ్ అని పేరు పెట్టారు. గ్రీకులో కట్టు, దేహం అనే రెండు మాటల కలయిక అది. కాని ఆ ముడి దగ్గర నిజంగా ఏముందో కాంతి సూక్ష్మదర్శినికి అందలేదు. కణానికీ కణానికీ మధ్య వంతెనలున్నాయనీ, ఒకదానిలోని ద్రవ్యం మరొకదానిలోకి పారుతుందనీ చాలాకాలం నమ్మారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక గాని ఆ నమ్మకం పోలేదు. 1963లో మేరిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడి ఎలుక, గినీపంది అవయవాలను ఆ సూక్ష్మదర్శినితో పరీక్షించి, పొరకణాల అంచున పైనుంచి కిందికి మూడు రకాల సంధులు వరుసగా అమరి ఉన్నాయని చూపారు. ఇప్పటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్న బొమ్మ అదే. పలాడికి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది.

బొమ్మ తెలిసింది. పదార్థం తెలియదు. జిగురు దేనితో చేసినదో తెలియడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఇక్కడ ఒక చక్కని కథ ఉంది. క్యోటోనుంచి మసాతోషి తకేయిచి అనే యువకుడు 1970లలో బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థకు వచ్చాడు. కణాలను విడదీయడానికి ట్రిప్సిన్ ద్రావణం వాడటం పరిపాటి. అదే పని క్యోటోలో చేసినప్పుడు విడిపోయిన కణాలు త్వరగా మళ్లీ అతుక్కునేవి, బాల్టిమోర్‌లో అతుక్కోలేదు. ఇటువంటి తేడా వస్తే చాలామంది చేయి తిరగలేదనుకుని ఊరుకుంటారు. తకేయిచి రెండు ద్రావణాలనూ పోల్చి చూశాడు. బాల్టిమోర్ ద్రావణంలో కాల్షియాన్ని లాగేసే రసాయనం ఒకటి కలిసి ఉంది. అంటే కాల్షియం ఉన్నంతసేపూ ఏదో ఒక ప్రొటీన్ ట్రిప్సిన్‌కు లొంగకుండా నిలుస్తున్నదన్న మాట. ఆ ఆధారం పట్టుకుని వెతికితే దొరికినదే కాడ్‌హెరిన్. ఆ పేరు 1984లో పెట్టారు. కణాలను కలిపి ఉంచే ప్రొటీన్లలో ఇదే ప్రధానమైన కుటుంబం. పొసగని రెండు ఫలితాలలో ఏదో ఒకదాన్ని పారేయకపోవడం వల్ల కలిగిన లాభం అది.

రెండవ కథ మరింత విలువైనది. బిగిసంధిలో ఉన్న ప్రొటీన్‌కోసం క్యోటోలోనే షోయిచిరో త్సుకిత బృందం ఏళ్ల తరబడి వెతికింది. 1993లో కోడిపిల్లల కాలేయాలనుంచి ఆక్లూడిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. బిగిసంధి రహస్యం తెలిసిపోయిందని లోకం సంతోషించింది. అక్కడితో ఆగితే వారి కీర్తికి లోటేమీ లేదు. కాని వారు ఇంకొక ప్రయోగం చేశారు. ఆక్లూడిన్ జన్యువును తీసివేసిన ఎలుక కణాలను పెంచి చూశారు. ఆ ప్రొటీన్ లేకపోయినా బిగిసంధులు చక్కగా ఏర్పడ్డాయి! తాము కనుగొన్నది గోడకు మూలస్తంభం కాదని తామే ఋజువు చేసుకున్నారు. ఫలితాన్ని దాచలేదు, 1998లో ప్రకటించారు. మళ్లీ వెతికారు. అదే ఏడాది, అదే ప్రయోగశాలనుంచి, మికియో ఫురుసే మొదటి రచయితగా, క్లాడిన్లు బయటపడ్డాయి. మూయడం అనే లాటిన్ మాటనుంచి వచ్చిన పేరది. నిజమైన మూత అదే. త్సుకిత 2005 డిసెంబరులో, 52 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. శాస్త్రజ్ఞుల జీవితచరిత్రలు వ్రాసేవారు ఆవిష్కరణల జాబితా ఇస్తారు. నేనైతే ఈ రెండో ప్రయోగాన్ని మొదటి వరుసలో పెడతాను.

ఇటువంటి పనికి ప్రయోజనమేమిటని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి పెంఫిగస్ అనే వ్యాధిని చూపాలి. నోటిలోను, ఒంటిమీద బొబ్బలు లేస్తాయి. పై చర్మం వేలితో రుద్దితే జారిపోతుంది. స్టిరాయిడ్లు రాకముందు ఈ వ్యాధి పట్టినవారిలో చాలామంది బ్రతికేవారు కారు. రోగి రక్తంలో తన చర్మానికే విరోధమైన ప్రతిదేహాలున్నాయని 1964లో తెలిసింది. అవి దేన్ని కొడుతున్నాయి? ఆ జవాబు 1991లో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో దొరికింది. మసాయుకి అమగాయి, జాన్ స్టాన్లీ ఆ లక్ష్యాన్ని గుర్తించి చూస్తే, అది కాడ్‌హెరిన్ కుటుంబానికి చెందిన ప్రొటీన్. ఇప్పుడు డెస్మోగ్లీన్-3 అంటున్నాము. తకేయిచి ద్రావణాలు పోల్చకపోయి ఉంటే ఆ కుటుంబమే తెలిసేది కాదు; ఇక్కడ చుట్టరికం గుర్తించగలిగేవారూ కారు. వైద్యం కూడా దానితోపాటు మారింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె. ఎస్. పశ్రీచా 1980లలో ప్రవేశపెట్టిన పల్స్ చికిత్స మన దేశంలో ఎందరికో ప్రాణం పోసింది. ప్రతిదేహాలను తయారుచేసే కణాల పుట్టుకనే అణచే రిటుక్సిమాబ్‌కు 2018లో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది.

మరొక ఉదాహరణ గ్రీసు దేశపు నాక్సోస్ ద్వీపంనుంచి. అక్కడ కొన్ని కుటుంబాలలో పిల్లలు ఉన్నివంటి ఉంగరాల జుట్టుతో పుడతారు. నడక నేర్చాక అరచేతులు, అరికాళ్లు మందంగా మారతాయి. యౌవనంలో గుండె లయ తప్పి, కొందరు హఠాత్తుగా మరణిస్తారు. జుట్టుకూ గుండెకూ ఏమి సంబంధం? ఈ మూడింటినీ ఒక్క వ్యాధిగా 1986లో వర్ణించినవారు నికోస్ ప్రొటొనోటారియోస్, ఆయన సహచరులు. 2000లో కారణం తేలింది. ప్లాకోగ్లోబిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం. చర్మంలోను, గుండెలోను లంగరుసంధిని లోపలి తీగలకు కట్టే ప్రొటీన్ అది. ఒకే తాడు రెండు ఇళ్లలో వాడితే, తాడు నాసిరకమైనప్పుడు రెండూ కుంగుతాయి. గుండెజబ్బును ఒక పిల్లవాడి జుట్టులో చదవవచ్చునని చెప్పిన ఆ పల్లె వైద్యం, నా దృష్టిలో, ఏ నవలకూ తీసిపోదు.

ఇక మన ఇంటి కథ.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో రూపుదిద్దుకుంది. నిర్మాణ ప్రొటీన్లకు ఆ సంస్థ మొదటినుంచీ మంచి నెలవు. కంటి కటకానికి పారదర్శకత నిచ్చే క్రిస్టలిన్ల మీద చింతలగిరి మోహనరావు, కణకేంద్రకపు లోపలి చట్రమైన లామిన్ల మీద వీణా పర్నైక్ అక్కడ చేసిన కృషి శాస్త్రలోకానికి తెలిసినదే. 2009 జనవరిలో ఆ సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్, ఇతర సంస్థల సహచరులు కలిసి ‘నేచర్ జెనెటిక్స్’లో ఒక పరిశోధన ప్రకటించారు. గుండె కండరంలో మయోసిన్ తీగలను పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటి ఉంది. దాని జన్యువు పేరు ఎం.వై.బి.పి.సి.-3. ఇది కణసంధిలోనిది కాదు, కణం లోపలి చట్రంలోనిది; వాసాలను వరుసగా నిలిపే కట్టు. ఆ జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపం ఒకటి దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, గుండె కండర వ్యాధి ఉన్నవారిలో అది ఎక్కువగా కనిపిస్తున్నదనీ వారు చెప్పారు. ఆ లోపం ఉన్నవారికి ముప్పు సుమారు ఏడు రెట్లు ఎక్కువని వారి లెక్క. ఈ మార్పు దాదాపు 33,000 ఏళ్ల కిందట పుట్టి ఉంటుందని కూడా అంచనా వేశారు.

నాలుగు శాతం అంటే ఇరవై అయిదుగురిలో ఒకరు. ఒక పెళ్లి పందిట్లో అయిదువందలమంది భోజనానికి కూర్చుంటే వారిలో ఇరవైమంది. వార్తలకు ఇంతకంటె ఏమి కావాలి? భారతీయుల గుండెకు పుట్టుకతోనే శాపమున్నట్లు పత్రికలు వ్రాశాయి. ఆ మాట ఇప్పటికీ మనవారి సంభాషణలలో తిరుగుతూనే ఉంది. వర్జీనియాలోని మా షాంటిలీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారాంతపు విందులలో వైద్యుడు కనిపిస్తే వచ్చే ప్రశ్నలలో ఇదొకటి: మనవాళ్లకు గుండె జబ్బు జన్యువులోనే ఉందటగా?

ప్రశ్నకు మొదటి జవాబు గుణకారమే చెబుతుంది. గుండె కండరం అకారణంగా మందమెక్కే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి సుమారు అయిదువందలమందిలో ఒకరికి ఉంటుందని వైద్యులు సాధారణంగా చెప్పే అంచనా. అదే పందిరి తీసుకోండి. అయిదువందలమందిలో ఆ జన్యులోపం ఉన్నవారు ఇరవైమంది. జబ్బు ఉన్నవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ ఈ ఇరవైమందిలోనివాడే అనుకున్నా, మిగిలిన పందొమ్మిదిమందికి ఆ జబ్బు లేదు. వయసు మీరాక వచ్చే గుండె బలహీనత లెక్క వేరు. అయినా ఇరవైమందినీ రోగులుగా భావించడం తగదని ఈ చిన్న లెక్కే చెబుతుంది. అయితే ఆ ఒక్కడికి మాత్రం ఎందుకు వచ్చింది?

ఇక్కడ రెండవ చూపు అవసరమైంది. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన శక్తివేల్ సదయప్పన్ బృందం ఇక్కడి దక్షిణాసియా సంతతివారిని పరీక్షించింది. 25 అక్షరాల లోపం ఉన్నవారిలో కొద్దిమందికి అదే జన్యువులో మరొక మార్పు కూడా జంటగా ఉందనీ, గుండె పనితీరులో తేడా ఆ కొద్దిమందిలో కనిపిస్తున్నదనీ 2018లో ప్రకటించింది. గమనించండి, సదయప్పన్ 2009 పరిశోధనలో కూడా పాలుపంచుకున్నవారే. 2020లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ హార్పర్, హ్యూ వాట్కిన్స్ తదితరులు మరింత విస్తృతంగా పరిశీలించారు. వ్యాధి ఉన్నవారిలో 25 అక్షరాల లోపంతోపాటు, అదే జన్యువులో వేరొకచోట ఒకే ఒక్క అక్షరం మారిన అరుదైన రూపం ఉందని తేల్చారు. ముప్పు దాదాపుగా ఆ అరుదైన మార్పుదే. 25 అక్షరాల లోపం ఒక్కటే ఉన్నవారికి దానివల్ల హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ముప్పు లేదనదగినంత స్వల్పం.

ఒక పోలిక చెబుతాను. ఒక ఊరికి వచ్చే బస్సులో దొంగ ఒకడు ఎప్పుడూ ప్రయాణం చేస్తుంటాడు. ఊళ్లో దొంగతనం జరిగిన రోజులు లెక్కవేస్తే, ఆ రోజులలో ఆ బస్సు వచ్చినట్లు తేలుతుంది. లెక్క తప్పు కాదు. బస్సుకూ దొంగతనానికీ సంబంధం ఉన్నమాటా నిజమే. కాని బస్సెక్కిన ప్రతివాడినీ అనుమానించడం అన్యాయం. 2009లో బస్సు దొరికింది. 2020 నాటికి దొంగ దొరికాడు. మొదటిదే లేకపోతే రెండవది లేదు. హైదరాబాదు పరిశోధన విలువ దీనితో తగ్గదు. దక్షిణాసియా జన్యువులను ఎవరూ పట్టించుకోని రోజులలో ఆ ప్రశ్న వేసినవారే వారు. తగ్గవలసినది మన భయం.

నా ఫిర్యాదు ఇదీ. నాలుగు శాతం వార్త మన ఇళ్లలోకి దండోరాతో వచ్చింది. దాని సవరణ శాస్త్రపత్రికలలోనే నిలిచిపోయింది. భయం ప్రయాణం చేసినంత వేగంగా వివరణ ప్రయాణం చేయదు. అది లోకరీతి అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోకూడదని నా వాదం. ఎందుకంటే ఈ సగం కథవల్ల రెండు రకాల హాని ఉంది. ఏ లోపమూ లేని వ్యక్తి, డబ్బు కట్టి చేయించుకున్న జన్యుపరీక్షలో ఈ 25 అక్షరాల మాట చూసి, కూతురి పెళ్లి సంబంధం దగ్గరనుంచి కొడుకు ఆటల దాకా అన్నింటికీ బెంగపెట్టుకుంటాడు. మరొకవైపు, ‘మన జాతికే ఉన్నదట, ఏం చేస్తాం’ అనే నిర్లిప్తతలో, నిజంగా జాగ్రత్త పడవలసిన కుటుంబం జాగ్రత్త పడదు. మేనమామ ముప్పై ఏళ్లకే ఆడుతూ కుప్పకూలిపోయిన ఇంట్లో, అన్నకు గుండె కండరం మందమని తేలిన ఇంట్లో, తక్కినవారు గుండె వైద్యుణ్ణి కలిసి ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. జాతి మొత్తానికి వర్తించే అంకెకన్నా, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే చావుల కథలు ఇక్కడ ఎక్కువ పనికివస్తాయి. ఆ కథలను అడిగి వ్రాసిపెట్టుకోవడం సాహిత్యపరులకు చేతకాని పనేమీ కాదు.

ఇంగ్లీషులో ఉన్నాయి కదా, చదువుకున్నవారు చదువుకుంటారు కదా, అనవచ్చు. చదువుతారు, నిజమే. కాని గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లి ఫోనులో అడిగే ప్రశ్న తెలుగులో ఉంటుంది. ఆమెకు జవాబు చెప్పవలసిన కొడుకుకు ఇంగ్లీషు మాటలు తెలుసు, తెలుగు మాటలు తెలియవు. అప్పుడతడు ‘ఏమీ కాదులే అమ్మా’ అంటాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, సమాచారం లేదు.

సవరణలు ఎక్కువగా చెబితే జనానికి శాస్త్రంమీదే నమ్మకం పోతుందని మరికొందరి భయం. నేను ఒప్పుకోను. ఆక్లూడిన్ కథ విన్నవాడికి త్సుకితమీద గౌరవం పెరుగుతుందే గాని తరగదు. ఋజువు మారినప్పుడు మాట మార్చుకునే విద్య ఇదొక్కటే అని తెలిసినవాడు, మార్పు చూసి బెదరడు. శాస్త్రాన్ని వేదవాక్యాల మూటగా అందుకున్నవాడే మొదటి సవరణకు తడబడతాడు.

తెలుగులో ఈ పనికి పునాది లేకపోలేదు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి ప్రచురణలలో ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’ ఉంది, ఆయనా వైద్యుడే. తరువాతి కాలంలో కాలిఫోర్నియాలో ఉండి తెలుగులో వ్రాసిన వేమూరి వేంకటేశ్వరరావు, అణుశాస్త్రజ్ఞుడూ సంగీతజ్ఞుడూ అయిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, జీవశాస్త్రాన్ని కథ చెప్పినట్లు చెప్పవచ్చునని నిరూపించారు. వారి వచనంలో పాండిత్యపు బరువు లేదు. పాఠకుణ్ణి చిన్నపిల్లవాణ్ణి చేసే లాలింపూ లేదు. ఆ దారిలోనే, కణాల నడుమ కథను చెప్పే పుస్తకమొకటి తెలుగులో రావాలని నా కోరిక. అనువాదం కాదు, నాక్సోస్‌తో పాటు హైదరాబాదు కూడా ఉన్న పుస్తకం. పారిభాషికపదాలకోసం కుస్తీ పట్టనక్కరలేదు. క్లాడిన్, కాడ్‌హెరిన్ వంటివి పేర్లు. మనుషుల పేర్లలాగా అలాగే ఉంచవచ్చు. చేసే పనికి మాత్రం మన మాట కావాలి: మూయడం, కట్టడం, దారి ఇవ్వడం. ఇవి మన వాకిట్లో ఉన్న క్రియలే.

అటువంటి పుస్తకం వ్రాసేవారికి సామగ్రి కొరత లేదు. మాకు అరగంట ప్రయాణంలో, యాష్‌బర్న్‌లో, హోవార్డ్ హ్యూస్ వైద్యసంస్థవారి జనీలియా పరిశోధనాకేంద్రం ఉంది, 2006లో తెరిచారు. కాంతి సూక్ష్మదర్శినికి సుమారు 200 నానోమీటర్ల హద్దు ఉంది. అంతకన్న దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కనిపిస్తాయి. లంగరుసంధి దగ్గర రెండు కణాల నడుమ ఎడం 30 నానోమీటర్ల ప్రాంతం. అందుకే ఆ ఎడం కాంతికి ఇంతకాలం చీకటిగా ఉండిపోయింది. ఆ హద్దును దాటే పద్ధతి కనిపెట్టినందుకు, అప్పట్లో జనీలియాలో పనిచేస్తున్న ఎరిక్ బెట్జిగ్‌కు 2014లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ పద్ధతి సారాంశం వినండి: మెరిసే అణువులన్నింటినీ ఒక్కసారే చూడబోతే ఏదీ స్పష్టంగా కనబడదు, అందుచేత ఒక్కొక్కసారి కొన్నింటినే వెలిగించి, వాటి స్థానం గుర్తుపెట్టుకుని, ఆర్పి, మళ్లీ మరికొన్నింటిని వెలిగించి, వేలసార్లు చూసినదాన్నంతా కలిపి ఒక బొమ్మ చేస్తారు.

పుస్తకాలు చదివేవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. మంచి పుస్తకం ఒక్క చదువులో లొంగదని మనకు తెలుసు. మొదటి చదువులో కథ, రెండో చదువులో కథకుడు, మూడో చదువులో మనమూ కనిపిస్తాము. శాస్త్రవార్తకు కూడా ఆ మర్యాద చూపమని నేను అడుగుతున్నాను. మన గుండెలను గురించిన వార్త మొదటిసారి చదివినప్పుడు నాలుగు శాతం కనిపించింది. రెండోసారి చదివితే పందొమ్మిదిమంది ఆరోగ్యవంతులు కనిపిస్తారు; వారి మధ్య, పేరుపెట్టి పిలిచి వైద్యం చేయవలసిన ఒక్కడూ కనిపిస్తాడు.

షాంటిలీ, వర్జీనియా